అక్క టర్బో కారుకు నేను ఎంచిన ఆయిల్

ఇంజన్ ఆయిల్ గురించి నాకు తెలియనిదేదీ లేదని గట్టిగా నమ్మిన కాలం ఒకటి నా జీవితంలో ఉంది. అది దాదాపు ఏడు నెలలు నడిచింది. డర్బన్‌కు దక్షిణాన, చెరుకు తోటల పక్క రహదారి మీద, పట్టుచీర కట్టుకున్న ఒక స్కూలు టీచరు నన్ను అచ్చ తెలుగులో తిడుతున్న మధ్యాహ్నం అది ముగిసింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, మీ సర్వీసులో గొప్ప విజయం ఏమిటని అడుగుతుంటారు. విజయాలన్నీ నా బయోడేటాలో ఉన్నాయి, వాటిలో కొన్ని నిజం కూడా. ఇది మాత్రం అందులో రాయలేదు. కానీ నేను పని నేర్చుకున్నదంటూ ఉంటే దీనివల్లనే కాబట్టి, ఇదే చెబుతాను.

నేను ఆంధ్రలో ఒక ఎరువుల కర్మాగారంలో పన్నెండేళ్ళు పనిచేశాను. గదంత కంప్రెసర్లు, వాటికి పీపాల కొద్దీ ఆయిల్. ఏ వేడికి ఏ ఆయిల్ ఎంత పలచబడుతుందో లెక్క కట్టి చెప్పడం నా పని. సొంత వాహనం మాత్రం ఒక్క స్కూటరు. దాని ఆయిల్ సంగతి పెట్రోలు బంకు మనిషే చూసుకునేవాడు; కొలపాత్రతో పెట్రోల్లో కలిపి పోసేసేవాడు. అంటే, మోటారు వాహనంలో ఇంజన్ ఆయిల్ మార్చడం అనే పని నేను అప్పటివరకూ కళ్ళారా చూడలేదు. ఈ సంగతి ఇంటర్వ్యూలో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

దక్షిణాఫ్రికాలో అందరూ ఓట్లు వేసి కొత్త ప్రభుత్వాన్ని తెచ్చుకున్న కొద్దికాలానికి నేను డర్బన్ వెళ్ళాను. ఆయిళ్ళు, ఫిల్టర్లు అమ్మే ఓ మోస్తరు కంపెనీ అది, డర్బన్ శివారు క్లెయిర్‌వుడ్‌లో ఉండేది. ఒకప్పుడు అక్కడ మనవాళ్ళు కూరగాయలు పండించేవారట. నేను చేరేసరికి ఎటు చూసినా లారీ యార్డులు, గోదాములు, వాటి మధ్య మేం కదలం అన్నట్టు నాలుగైదు పాత రేకుల ఇళ్ళు. నాకు ఒక బల్ల, ఒక ఫోను, "టెక్నికల్ అడ్వయిజర్" అని అచ్చువేసిన కార్డులు ఇచ్చారు. ఐదు వందల కార్డులు. మొదటి వారంలోనే వంద పంచాను. కూరగాయల షాపులో కూడా ఇచ్చాను.

మా స్టోర్సు చూసేది ఒక జూలూ పెద్దాయన. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళుగా అదే గోదాములో ఉన్నాడు. పాత రికార్డుల్లో ఆయన హోదా "స్టోర్స్ బాయ్". నేను చేరడానికి కొంచెం ముందే దాన్ని "స్టోర్స్ అసిస్టెంట్" అని మార్చారు. కొత్త గుర్తింపు కార్డు చేతికి వచ్చినప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "యాభై రెండో ఏట నాకు యుక్తవయసు వచ్చింది" అన్నాడట. వేలాది ఫిల్టర్లలో ఏది ఏ బండిదో అట్టపెట్టె చూడకుండా, చేత్తో తూచి చెప్పేవాడు. ఆ రోజుల్లోనే కంపెనీ మా బ్రాంచీల కౌంటర్లలో పనిచేసేవాళ్ళకు పాఠాలు చెప్పే ట్రైనర్ పోస్టు ఒకటి కొత్తగా పెట్టింది. ఆయన దానికి దరఖాస్తు పెట్టాడు. ఆ సంగతి నాకు తెలిసినప్పుడు, పాపం పెద్దాయన సరదా పడుతున్నాడు అనుకున్నాను. అలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ, రాయకపోతే ఈ కథే లేదు.

నేను డర్బన్‌కు ఉత్తరాన, ఇండియన్ల పేట ఫీనిక్స్‌లో ఒక ఇంటి వెనకగదిలో అద్దెకు ఉండేవాణ్ణి. ఆ ఇంటావిడ దక్షిణాన గంట దూరంలోని ఉమ్‌కోమాస్‌లో స్కూలు టీచరు. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు కోతకు ఓడెక్కి వచ్చినవాడు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. తెలుగు అంటే వరసలు, వంటల పేర్లు, దేవుడి దగ్గర రెండు పాటలు, ఇంకా వాళ్ళ అవ్వ దగ్గర విన్న తిట్లు. నన్ను తమ్ముడూ అనేది. నేను అక్కా అనేవాణ్ణి. నా భార్య, పిల్లలు రెండు నెలల్లో రావలసి ఉంది. అప్పటిదాకా ఆదివారం భోజనం అక్క చేతిదే.

అక్కకు ఒక ఎర్ర కారు ఉండేది. రెండు తలుపులది, ఎనభైల నాటిది, టర్బో కారు. ఆవిడ భర్త ముచ్చటపడి కొన్నాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. రోజూ ఫీనిక్స్ నుంచి ఉమ్‌కోమాస్‌కు, మళ్ళీ వెనక్కి, ఆ కారులోనే తిరిగేది. ఒక ఆదివారం పప్పు వడ్డిస్తూ అడిగింది.

"తమ్ముడూ, యూ ఆర్ ది ఆయిల్ మ్యాన్, నో? నా కారుకి ఏ నూనె పొయ్యాల, నువ్వు చెప్పు."

అంతటి సూటి ప్రశ్న నన్ను ఆ దేశంలో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పలేదు. నోటు పుస్తకం తీసుకుని కారు చుట్టూ తిరిగాను. ఇంజన్ ఎన్ని సీసీలు, టర్బోకు నీళ్ళ చల్లదనం ఉందా లేదా, అన్నీ రాసుకున్నాను. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ఇంజన్ నుంచి బయటికిపోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్లోకి గాలిని ఇంకా గట్టిగా నెడుతుంది. అదే టర్బో. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతూ, సన్నని ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. ఆ పొర ఒక్క క్షణం లేకపోతే అంతే సంగతులు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. రెండు రోజులు కూర్చుని గ్రాఫ్ కాగితం మీద గీతలు కూడా గీశాను. అక్క కారు కోసం గ్రాఫు!

అడగనిది ఒక్కటే. ఈ మూడేళ్ళుగా ఇందులో ఏం పోస్తున్నారు, ఎప్పుడు మార్చారు అని అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది: భర్త పోయాక ఆయిల్ మార్చనేలేదు, తగ్గినప్పుడల్లా పక్కింటాయన కాస్త పోసేవాడు.

మంగళవారం నా కాగితం పట్టుకుని స్టోర్సుకు వెళ్ళాను. అప్పట్లో దొరికేవాటిలో అన్నిటికన్నా పలచటి, పూర్తి సింథటిక్ ఆయిల్ అడిగాను. పెద్దాయన కాగితం చదివాడు. మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం.

"ఈ కారులో ఇంతకుముందు ఏ ఆయిల్ ఉంది?" అన్నాడు.

"మామూలు మినరల్ ఆయిల్ అయ్యుంటుంది."

"అయ్యుంటుంది," అని నా మాటనే నెమ్మదిగా పలికాడు. "ఎంతకాలం నుంచి?"

"తెలియదు."

"హావు, ఇంజనీర్! ఈ ఆయిల్ సబ్బులాంటిది. ముసలి ఇంజన్లో ఏళ్ళ తరబడి మడ్డి పేరుకుని ఉంటుంది. అంతా ఒక్కసారే కడిగేస్తే ఆ మురికి ఎక్కడికి పోతుంది? ముందు పాత రకం ఆయిలే కొత్తది పొయ్యి. ఐదొందల కిలోమీటర్లు తిరగనీ. దించెయ్యి. ఫిల్టర్ కోసి లోపల చూడు. ఇంకోసారి అలాగే చెయ్యి. మూడోసారి నీ బంగారం పొయ్యి."

నేను ఎగతాళి చెయ్యలేదు. అంతకంటే ఘోరమైన పని చేశాను. చాలా ఓపిగ్గా, బల్ల మీద బొమ్మ గీసి మరీ, ఆయనకు ఆయిల్ అంటే ఏమిటో వివరించాను. ఇరవై రెండేళ్ళ నుంచి ఆయిల్ పంచుతున్న మనిషికి. ఆయన చివరిదాకా మర్యాదగా విన్నాడు.

తర్వాత ఫిల్టర్ గొడవ. ఆ కారుకు రావలసిన పొడుగు ఫిల్టర్ స్టాకులో లేదు, ఓడలో వస్తోంది. అదే మర చుట్లకు బిగిసే పొట్టిది ఉంది. నేను పొట్టిది ఇమ్మన్నాను. ఆయన వాడేసిన పాత పొడుగు ఫిల్టర్ ఒకటి తెచ్చి, దాని రంధ్రంలో నా వేలు పెట్టించాడు. లోపల మెత్తటి రబ్బరు పొర తగిలింది.

"ఆ ఇంజనుకు ఫిల్టర్ అడ్డంగా పడుకుని ఉంటుంది. బండి నిద్రపోయినప్పుడు ఆయిల్ బయటికి జారిపోకుండా ఈ రబ్బరు ఆపుతుంది. నువ్వడిగిన దాంట్లో ఇది లేదు. పొద్దున్నే టర్బో దాహంతో లేస్తుంది. ఓడ వచ్చేదాకా ఆగు."

"చార్టులో రెండూ సమానమే అని ఉంది," అన్నాను.

ఆయన ఇంకేమీ అనకుండా పొట్టి ఫిల్టర్ నా చేతిలో పెట్టాడు. చార్టు ఉంది, కార్డు మీద హోదా ఉంది. ఇంకేం అంటాడు?

వీధి చివరి గరాజ్‌లో ఆయిల్ మార్పించాం. మొదటి నాలుగు వారాలు నా జాతకం వెలిగిపోయింది. ఇంజన్ చప్పుడు తగ్గింది, కారు తేలిగ్గా లాగుతోంది. "ఇట్స్ గోయింగ్ లైక్ ఏ బాంబ్, తమ్ముడూ!" అని అక్క పొంగిపోయి వీధంతా చెప్పింది. శనివారం పొద్దున్నే పక్కిళ్ళవాళ్ళు కార్లు తోలుకుని వచ్చేవారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని, టీ తాగుతూ, ఏ కారుకు ఏ ఆయిలో చీటీలు రాసిచ్చేవాణ్ణి. ఒకాయన తన కారు దగ్గు గురించి చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నట్టు కూడా గుర్తు. వాళ్ళలో ఎవరికీ టర్బో కార్లు లేకపోవడం నా అదృష్టం.

అంతలో అక్క కారు పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే రెండు మూడు క్షణాలు టకటకమనడం మొదలైంది.

"ఎందుకు ఇలాగ సౌండ్ చేస్తంది?" అంది అక్క.

"కొత్త ఆయిల్ కదక్కా, సర్దుకుంటోంది," అన్నాను. ఆయిల్ ఎక్కడా సర్దుకోదు. ఆ మాట నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

ఇంకోటి చేశాను. అక్క సాయంత్రం ఇంటికొచ్చాక కారు వెంటనే ఆపేది కాదు. ఇంజన్ నడుస్తుండగానే రెండు నిమిషాలు అందులోనే కూర్చునేది. "ఆయన కూడా అంతే. టూ మినిట్స్ కూసుంటాడు. టర్బో చల్లబడాల అంటాడు," అంది. భర్త గురించి ఆవిడ ఎప్పుడూ జరుగుతున్నట్టే చెప్పేది. అది తెలుగు క్రియలు తెలియక అనుకున్నాను. ఈ కొత్త ఆయిల్ వేడికి మాడదక్కా, ఇక ఆ అవసరం లేదు, వెంటనే ఆపెయ్యొచ్చు అని చెప్పాను. మర్నాటి నుంచి మానేసింది.

అంతవరకూ ఇండియన్ బడులకు ఒక శాఖ, జూలూ బడులకు ఇంకో శాఖ, తెల్లవాళ్ళ బడులకు వేరే శాఖ ఉండేవి. అన్నిటినీ కలిపి ఒకటి చేస్తున్నారు. ఉమ్‌కోమాస్‌కు దగ్గరలోని ఒక తెల్లవాళ్ళ బడికి హెడ్ టీచరు పోస్టు పడితే అక్క దరఖాస్తు పెట్టింది. ఇంతకుముందైతే ఆ బడి గేటు లోపల అడుగుపెట్టే వీలు లేదట. ఇరవై ఏళ్ళ సర్వీసులో తనంతట తానుగా ఏదైనా అడగడం అదే మొదటిసారి అని చెప్పింది. ఇంటర్వ్యూ డర్బన్‌లో, మధ్యాహ్నం రెండింటికి.

ఆ రోజు నాకు ఉమ్‌కోమాస్ దగ్గరి కాగితపు గుజ్జు మిల్లులో పని పడింది. నాకింకా ఆ దేశపు డ్రైవింగ్ లైసెన్సు రాలేదు. పొద్దున అక్క కారులోనే వెళ్ళాను, మధ్యాహ్నం ఆవిడతోనే తిరుగు ప్రయాణం. ఒంటిగంటకు ఇంకా ఇరవై నిమిషాలుండగా బయల్దేరాం. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. దారిపొడుగునా ప్రశ్నలు వేసుకుంటూ, తనే జవాబులు చెప్పుకుంటూ నడుపుతోంది.

ఒక ఎత్తు ఎక్కుతుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మినుకుమంది. ఆయిల్ దీపం.

"తమ్ముడూ, ఈ లైట్ ఏంటి?"

ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. ఆ దీపం వెలిగితే వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ఇది నాకు తెలుసు. ఏ కారు పుస్తకం తెరిచినా రాసి ఉంటుంది. కానీ ఆ దీపం నిజమైతే నేను అబద్ధం అవుతాను.

"స్విచ్ పాడై ఉంటుందక్కా," అన్నాను. "పాత కారు కదా. పోనివ్వండి."

ఆవిడ నన్ను నమ్మి పోనిచ్చింది. ఇంకో మూడు కిలోమీటర్లు వెళ్ళాక ముందు నుంచి సన్నగా ఈల వినిపించింది. ఈల పెరిగి కూత అయింది. తర్వాత ఏదో విరిగిన చప్పుడు. అద్దంలో చూస్తే వెనక రోడ్డే లేదు, అంతా నీలం పొగ. చెరుకు తోట పక్కన కారు ఆగిపోయింది. అక్క దిగి బానెట్ ఎత్తబోయి చీరకు మసి పూసుకుంది. వాచీ చూసుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏటి సేసినావురా ఎదవా! నీ మొకం మండ! నీ నూనె తగలెట్ట! లైట్ ఎలిగితే స్విచ్ అంటావేటిరా, సచ్చినోడా!"

మామూలుగా తెలుగులో నాలుగు మాటలు కలపలేని మనిషి. ఆ పూట ఒక్క విభక్తి తప్పలేదు. సముద్రం దాటొచ్చి నాలుగు తరాలైనా చెక్కుచెదరని తెలుగు నేను విన్నది ఆ ఒక్కసారే. విని ఆనందించే స్థితిలో లేను.

అక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని రోడ్డు అంచున నిలబడి, టాక్సీ కోసం అక్కడి పద్ధతిలో వేలు పైకి చూపింది. మనుషులతో కిక్కిరిసిన మినీబస్సు టాక్సీ ఒకటి ఆగింది. దిద్దాల్సిన పరీక్ష కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరు జూలూ ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నావైపు చూడలేదు. కారుకు కాపలాగా నేను మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. బానెట్ కింద ఏదో చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. తీరిక ఉంది కదా అని ఆ దీపం గురించి ఆలోచించాను.

ఆవిడ నలభై నిమిషాలు ఆలస్యంగా చేరింది. వాళ్ళు మంచివాళ్ళే, ఆఖర్న పిలిచి మాట్లాడారు. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆలస్యం వల్లనా, మరోటి వల్లనా అన్నది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే మొహం లేదు.

కారును అక్క బంధువు తన లారీకి కట్టి ఫీనిక్స్‌కు లాక్కొచ్చాడు. శనివారం పొద్దున స్టోర్సు పెద్దాయన ఇంటికి వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు; సంగతి విని తనే, రెండు బస్సులు మారి వచ్చాడు. ఓవరాల్ తొడుక్కుని, కారు కింద దూరి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని విప్పి కిందికి దించాడు. ఆయిల్‌ను పంపులోకి లాగే చోట చిన్న జల్లెడ ఉంటుంది. దాన్ని నా చేతిలో పెట్టాడు. తారు పూసినట్టు నల్లటి ముద్ద. రంధ్రం ఒక్కటి కనబడలేదు. మూడేళ్ళ మడ్డినంతా నా బంగారం కడిగి తెచ్చి అక్కడ కుప్పపోసింది. పైకి ఆయిల్ వెళ్ళే దారే లేదు. రోజూ పొద్దున కాసేపు ఎండిపోయి తిరిగిన టర్బో ఇరుసు అప్పటికే అరిగి ఉంది, ఆ మధ్యాహ్నం విరిగింది.

ఆయన చేతులు తుడుచుకుని, విప్పిన బోల్టులన్నీ ఏరి ఒక డబ్బాలో వేశాడు. 

అక్క మా ఇద్దరికీ టీ తెచ్చింది. జల్లెడ చూసింది. నాతో ఇంగ్లీషులో, కోపం లేకుండా అంది: "కారు పోతే పోయింది. నువ్వు ఆ రెండు నిమిషాలు వద్దన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. అది టర్బో కోసం కాదు. రోజంతట్లో ఆయన పక్కన కూర్చున్నట్టు ఉండేది అప్పుడే."



ఇక ఆఫీసు. మా మేనేజరు రిటైర్మెంటుకు దగ్గరపడిన తెల్లాయన. చెడ్డవాడు కాదు, ఎవరికీ ఇబ్బంది లేకుండా ఉద్యోగం ముగించాలనే మనిషి. కస్టమర్ కారు మన సరుకుతో పాడైంది కాబట్టి రిపోర్టు రాయమన్నాడు. "ఫిల్టర్ తప్పు వెళ్ళినట్టుంది కదా," అన్నాడు నన్ను చూడకుండా. "స్టోర్సులో అలాంటివి జరుగుతుంటాయి."

నేను సీటుకు వచ్చి రిపోర్టు రాశాను. మన భాషలో "చేయబడినది", "ఇవ్వబడినది" అని రాస్తే తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టేవాడు. ఇంగ్లీషులో మాత్రం అదెంత హాయైన సదుపాయమో ఆ రోజు తెలిసింది. ఆయిల్ ఎంపిక చేయబడింది. స్టోర్సు నుంచి సరిపడని ఫిల్టర్ జారీ చేయబడింది. ఇంజన్ నష్టపోయింది. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఒకటికి రెండుసార్లు చదువుకుని సంతోషించాను కూడా.

మేనేజరు ఒక కాపీ స్టోర్సు అభిప్రాయం కోసం పంపాడు. అది నేను ఊహించలేదు. శుక్రవారం పదకొండు గంటలకు పెద్దాయన ఆ కాపీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. ఇరవై రెండేళ్ళలో ఆఫీసు గది లోపలికి అంతదూరం వచ్చింది అదే మొదటిసారి అనుకుంటాను. కాగితం నా ముందు పెట్టాడు.

"మూడుసార్లు చదివాను," అన్నాడు. "ఆయిల్ ఉంది. ఫిల్టర్ ఉంది. స్టోర్సు ఉంది. ఇంజనీర్ ఎక్కడున్నాడో కనబడలేదు."

నేను కాగితం నావైపు లాక్కున్నాను.

"సోమవారం నా ట్రైనర్ ఇంటర్వ్యూ," అని వెళ్ళిపోయాడు. గొంతు పెంచలేదు. గదిలో టైపు మిషన్లన్నీ ఆగిపోయాయి.

ఆ మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. ఇదేదో త్యాగమని చెప్పడం లేదు, ఉత్త భయం. నా వర్క్ పర్మిట్ ఈ కంపెనీ పేరు మీదే ఉంది. భార్యాపిల్లల టికెట్లు తీసి ఉన్నాయి. ఊళ్ళో ఉద్యోగం వదిలేసి వచ్చాను. ఇంకోవైపు, ఎర్ర దీపం చూసి స్విచ్ అన్నవాణ్ణి నేనే. ఇప్పుడు మళ్ళీ అదే అంటున్నాను. అప్పటికే ఒక మనిషి ఇంటర్వ్యూ నావల్ల పోయింది. రెండోది కూడా పోగొడితే, ఆ పైన ఏ కార్డు మీద ఏ హోదా ఉంటే నాకేం?

ఇంకో కాగితం తీసుకున్నాను. "నేను" అని మొదలుపెట్టాను. నేను కారు పూర్వాపరాలు అడగలేదు. నేను తప్పు ఆయిల్ ఎంచాను. స్టోర్స్ అసిస్టెంట్ రెండు విషయాల్లోనూ నన్ను హెచ్చరించాడు, ఏం చెయ్యాలో స్పష్టంగా చెప్పాడు, నేను వినలేదు. దీపం వెలిగినప్పుడు ఆపవద్దన్నది నేను. అర పేజీ కూడా కాలేదు. మొదటి రిపోర్టు మూడు పేజీలు వచ్చింది.

మేనేజరు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది నీ ఫైల్లో ఉండిపోతుంది, తెలుసా?"

"తెలుసు సర్."

"సరే." మళ్ళీ కాగితం వైపు చూశాడు. "ఒకటి చెప్పాలి. ఈసారి నీ ఇంగ్లీషు చాలా బాగుంది."

ఉద్యోగం పోలేదు. అడ్వయిజర్ హోదా పోయింది. మిగిలిన కార్డులు వెనక్కి ఇచ్చేశాను. మూడు వందల చిల్లర ఉన్నాయి. ఆరు నెలలు కౌంటరులో పని చెయ్యమన్నారు. అక్క కారు బాగుచేయించడం కంపెనీ నెత్తిన వేసుకుంది. పెద్దాయనకు ట్రైనర్ పోస్టు వచ్చింది. ఆయన మొదటి క్లాసులో పదకొండు మంది ఉన్నాం. పది మంది స్కూలు ముగించి నేరుగా వచ్చినవాళ్ళు, ఒకడు పన్నెండేళ్ళ అనుభవం ఉన్న మెకానికల్ ఇంజనీరు. మొదటి రోజు అందరికీ ఒక్కో వాడేసిన ఫిల్టరు, ఒక్కో రంపం ఇచ్చి, కోసి లోపల ఏముందో చెప్పమన్నాడు. నేను వేలు కోసుకున్నాను. ఆయనే కట్టు కట్టాడు. తర్వాత కూడా ఆయన నన్ను ఇంజనీర్ అనే పిలిచాడు. అందులో వెటకారం ఎంతో నేను చివరిదాకా తేల్చుకోలేకపోయాను. అక్క సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ తర్వాత ఇంకో బడికి హెడ్ టీచరయింది. ఆ ఇంటర్వ్యూకు మాత్రం ముందురోజే డర్బన్ వెళ్ళి చెల్లెలి ఇంట్లో దిగింది.

కారు బాగుపడి వచ్చిన ఆదివారం, ఇంజన్లో పాత రకం ఆయిలే కొత్తది, ఓడ దిగిన పొడుగు ఫిల్టరు. పరీక్షగా ఉమ్‌కోమాస్ దాకా వెళ్ళొద్దాం అంది అక్క. పెద్దాయనను కూడా పిలిచింది. జూలూలో పెద్దవాళ్ళను మర్యాదగా బాబా అంటారు.

"బాబా, యూ సిట్ ఇన్ ఫ్రంట్," అంది. తర్వాత నావైపు తిరిగి, "తమ్ముడూ, నువ్వు వెనకాల."

రెండు తలుపుల కారు వెనకసీటు గురించి చెప్పాలంటే, అది మనుషుల కోసం చేసింది కాదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. ముందు ఇద్దరూ కబుర్లలో పడ్డారు. మొదటి ఐదొందలు ఎప్పుడవుతాయి బాబా అని ఆవిడ, ఇంకా నాలుగొందల ఇరవై ఉందని ఆయన. ఎంత వేగం వరకు పోవచ్చు, వేడి ముల్లు ఎక్కడుంటే ఆపాలి, వీధిలో మిగతా కార్లకు నా చీటీల బదులు ఏం పొయ్యాలి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. టౌను దాటాక అక్క గట్టిగా తొక్కింది, టర్బో సన్నగా, ఆరోగ్యంగా ఈలవేసింది.

గేరు కాస్త ముందుగా మారిస్తే టర్బోకు మంచిదని నాకు అప్పుడు తోచింది. దానికి బలమైన శాస్త్రీయ కారణాలున్నాయి. చెప్పడానికి ముందుకు వంగి, నోరు తెరిచాను కూడా. అద్దంలో అక్క కళ్ళు కనబడ్డాయి.

"ఏం తమ్ముడూ?"

"ఏం లేదక్కా," అన్నాను. "సముద్రం బాగుంది."

నేను కూర్చున్న చోటి నుంచి సముద్రం కనబడదు.